నాలుగు వేల వాట్ల అట్టపెట్టె, పాతిక ఆంపియర్ల ఫ్యూజు

ఏ ఊళ్లో కార్ డెకార్స్ షాపుకి వెళ్లినా అద్దాల వెనక స్టీరియో సౌండుని పెంచి స్పీకర్లకిచ్చే యాంప్లిఫయర్ల పెట్టెలు వరసగా పేర్చి కనిపిస్తాయి. వాటి మీద 2000, 4000, 6000 వాట్లు అని పెద్ద అంకెలు. ఒకదాన్ని బయటికి తీయించి, కరెంటు వైర్లు బిగించే వైపు తిప్పి చూడండి. చవక రకాల్లో చాలావాటికి అక్కడ ఒకే ఒక్క ఫ్యూజు, అదీ 25 లేదా 30 ఆంపియర్లది ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో వోల్టేజీ మామూలుగా 14.4 దాటదు. పాతిక ఆంపియర్లని 14.4తో గుణిస్తే 360 వాట్లు. యాంప్ లోపలికి వెళ్లేదే అంత. అందులోంచి 4000 వాట్లు బయటికి రావడం జరిగే పని కాదు.

ఈ లెక్క చాలామందికి తెలుసు. తెలిసి కూడా "మన బడ్జెట్‌కి ఇదే ఎక్కువ" అని కొనేస్తున్నారు. నేను దీనికి ఒప్పుకోను. డబ్బు తక్కువ ఉన్నప్పుడే అంకెల దగ్గర గట్టిగా ఉండాలి. మొత్తం 15 వేల దాకా పెట్టగలిగితే, కొనాల్సింది ఒక్కో ఛానెల్‌కి (స్పీకరుకి వెళ్లే ఒక్కో దారికి) 50–60 వాట్ల ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా నిలకడగా వచ్చే పవర్, నిజంగా ఇచ్చే నాలుగు ఛానెళ్ల చిన్న యాంప్ ఒక్కటే. ఆ యాంప్ ధర అడిగే ముందే వైరింగ్‌కి డబ్బు పక్కన తీసిపెట్టాలి. బేస్ పలికే పెద్ద స్పీకరు అయిన సబ్‌ఊఫర్ ఒక్కదాన్నే నడిపే ఒక ఛానెల్ యాంప్, అదే పెద్ద మోనోబ్లాక్ వద్దు, స్పీకర్లకొకటి సబ్‌ఊఫర్‌కొకటి అంటూ రెండు చవక యాంప్‌లూ వద్దు.

ఫ్యూజు చెప్పేదీ, చెప్పనిదీ

యాంప్‌లోకి వెళ్లిన కరెంటంతా పాటగా బయటికి రాదు. క్లాస్ ఏబీ అనే సర్క్యూట్ రకంలో పూర్తి పవర్ దగ్గర సుమారు 60 శాతం స్పీకర్లకు చేరుతుంది, మిగతాదంతా వేడి. క్లాస్ డీలో 75 నుంచి 85 శాతం దాకా చేరుతుంది. కాబట్టి ఆ 360 వాట్లలో క్లాస్ ఏబీ యాంప్ ఇచ్చేది 216 వాట్లు, నాలుగు ఛానెళ్లకు పంచితే తలా 54. నిజానికి ఇది మంచి అంకే. అదే అట్టపెట్టె మీద వేసి అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

దీనికి షాపువాళ్లు చెప్పే జవాబు ఒకటుంది: ఫ్యూజు వెంటనే కాలిపోదు, డ్రమ్ము దెబ్బ పడిన క్షణంలో అంతకన్నా ఎక్కువే లాగుతుంది, లోపల కెపాసిటర్లు కూడా ఉన్నాయి అని. ఆ మాటలో నిజం ఉంది. బ్లేడు ఫ్యూజు తన అంకె కన్నా 35 శాతం ఎక్కువ కరెంటుని కొంతసేపు ఓర్చుకుంటుంది. క్షణకాలం దెబ్బలకి ఆ లెక్క ఇంకాస్త సాగుతుంది. అయినా ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో అంటే నమ్మొచ్చు. పది రెట్లు అంటే నమ్మలేం.

నాకు అంతకన్నా పెద్ద సందేహం ఇంకొకటుంది. ఫ్యూజు లెక్క పై హద్దు మాత్రమే చెబుతుంది. నాసిరకం యాంప్‌కి కూడా పక్కపక్కన రెండు 40 ఆంపియర్ల ఫ్యూజులు గుచ్చి పంపొచ్చు. ఫ్యూజు చిన్నదైతే యాంప్ చిన్నదని ఖాయంగా చెప్పొచ్చు. ఫ్యూజు పెద్దదైనంత మాత్రాన యాంప్ పెద్దదని చెప్పలేం. అందుకే రెండో మెట్టుగా మాన్యువల్ తెరవాలి. ఆర్‌ఎంఎస్ వాట్లు ఎన్ని, ఎన్ని ఓంల (స్పీకరు కరెంటుకిచ్చే అడ్డు) దగ్గర, ఎంత వోల్టేజీ దగ్గర, ఎంత డిస్టార్షన్‌తో (పాట చెదరడంతో) అన్న నాలుగు మాటలూ ఒకే వరసలో రాసి ఉండాలి. సీఈఏ-2006 అనే ప్రమాణం పుట్టిందే ఇందుకు. 4 ఓంల స్పీకరు, 14.4 వోల్టులు, 1 శాతం లోపు డిస్టార్షన్, వీటి దగ్గర కొలిచిన అంకెనే చెప్పాలని దాని నియమం. అదే యాంప్‌ని 10 శాతం డిస్టార్షన్ దగ్గర కొలిస్తే అంకె పాతిక శాతం పైగా పెరుగుతుంది, కానీ అప్పటికే పాట గరగరలాడుతుంటుంది.

పేరున్న కంపెనీలు కూడా పెట్టె మీద పెద్ద అక్షరాలతో మ్యాక్స్ అంకెనే అచ్చేస్తాయి. "1000 వాట్స్" అని ఉన్న పెట్టెలోని మాన్యువల్ తెరిస్తే 60 వాట్లు × 4 అని ఉండటం మామూలే. తేడా ఎక్కడంటే, వాళ్లు అసలు అంకెని దాచరు. మాన్యువల్లో ఆర్‌ఎంఎస్ అన్న మాటే లేకపోతే ఆ యాంప్‌ని అక్కడే వదిలేయండి, ఇంకే పరీక్షా అక్కర్లేదు.

పాటకీ వెనక వినబడే రొదకీ మధ్య తేడా చెప్పే సిగ్నల్-టు-నాయిస్ అంకెలో ఒక మెలిక ఉంది. సీఈఏ పద్ధతిలో దాన్ని 1 వాటు దగ్గర కొలుస్తారు, మామూలు పద్ధతిలో పూర్తి పవర్ దగ్గర. 60 వాట్ల యాంప్‌కి ఈ రెంటి మధ్య తేడా దాదాపు 18 డెసిబెల్స్. అంటే సీఈఏ లెక్కలో 80 అని ఉన్నది, ఇంకొకరి పెట్టె మీది 98తో సమానం. చిన్న అంకె చూసి మంచి యాంప్‌ని పక్కన పెట్టేయకండి.

యాంప్ నిజంగా కావాలా?

ఈ ప్రశ్న వేసుకోకుండా కొనేవాళ్లే ఎక్కువ. స్టీరియో మీద "50 వాట్లు × 4 మాస్‌ఫెట్" అని ఉంటుంది కదా, ఇంక యాంప్ ఎందుకు అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ 50 ఎక్కడిదంటే, స్టీరియో లోపల ఉండే చిప్పుది. ఉదాహరణకి టీడీఏ7850 అనే చిప్పు డేటాషీట్‌లో 4 ఓంలకి గరిష్ఠం 50 వాట్లు అని ఉంటుంది, దాని పక్కనే 14.4 వోల్టుల దగ్గర 10 శాతం డిస్టార్షన్‌తో 30 వాట్లు అని కూడా ఉంటుంది. శుభ్రంగా వచ్చేది 18–22 వాట్లు. చిప్పు ఎంత మంచిదైనా 14.4 వోల్టులనే అటూ ఇటూ తిప్పుతూ 4 ఓంల స్పీకర్‌కి గరగర లేకుండా ఇవ్వగలిగింది లెక్క ప్రకారం 26 వాట్లకి మించదు. యాంప్ లోపల వోల్టేజీని పైకెత్తే పవర్ సప్లై ఉంటుంది. మనం డబ్బు పెట్టేది ముఖ్యంగా దానికి.

ఇక్కడ ఒక జాగ్రత్త. అరచేతిలో పట్టేంత చవక "4 ఛానెల్ యాంప్‌లు" కొన్నింటి లోపల ఈ పవర్ సప్లై ఉండనే ఉండదు. స్టీరియోలో ఉండే చిప్పులాంటిదే ఇంకొకటి ఉంటుంది, అంతే. అడుగు రేకు విప్పితే తెలిసిపోతుంది. అసలైన యాంప్‌లో లావుపాటి రాగి తీగ చుట్టిన ఫెర్రైట్ రింగు ఒకటి కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాని పక్కన బొద్దుగా కెపాసిటర్లు, అంచుల వెంబడి అల్యూమినియం రెక్కలకి బిగించిన ట్రాన్సిస్టర్ల వరస. నాసిరకంలో రింగు రూపాయి బిళ్లంత ఉంటుంది, బోర్డు సగం ఖాళీ, ట్రాన్సిస్టర్లకీ రెక్కలకీ మధ్య థర్మల్ పేస్టు జాడే ఉండదు. షాపువాడు విప్పనివ్వడు, నిజమే. కానీ అదే మోడల్ లోపలి ఫొటోలు ఫోన్లో వెతికితే చాలాసార్లు దొరుకుతాయి.

సరే, 20 వాట్ల నుంచి 60 వాట్లకి వెళితే ఎంత పెరుగుతుంది? 5 డెసిబెల్స్ కన్నా తక్కువ. చెవికి రెట్టింపు మోతగా అనిపించాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పది రెట్ల పవర్ కావాలి. మరోపక్క 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాటుకి స్పీకరు ఎంత మోగుతుందో చెప్పే అంకె) ఉన్న స్పీకర్లు తీసి 92 ఉన్నవి పెడితే, ఒక్క వాటు కూడా పెంచకుండానే 4 డెసిబెల్స్ కలిసొస్తాయి. యాంప్‌కి వ్యతిరేకంగా ఇంతకన్నా బలమైన వాదన లేదు, దాన్ని నేను కొట్టిపారేయను. ఊళ్లోనే తిరుగుతూ, సబ్‌ఊఫర్ పెట్టే ఉద్దేశం లేకుండా, మామూలు సౌండుతో వినేవాళ్లు మొదట ముందు డోర్లకి మంచి స్పీకర్లు కొని, డోర్ల లోపలి రేకుకి ఉన్న కంతలు మూసి, రేకు అదురు ఆపే బ్యూటైల్ షీటు అంటించుకుంటే చాలు. తారు షీట్లు మాత్రం వద్దు, మే నెల ఎండకి కరిగి వాసనొస్తాయి.

యాంప్ ఉపయోగం తెలిసేది హైవే మీద. నూరు కిలోమీటర్ల వేగంలో టైర్ల మోత, గాలి మోత, ఏసీ బ్లోయర్, వీటన్నిటి పైన పాట వినబడాలంటే వాల్యూమ్ పెంచుతాం. అప్పుడు స్టీరియో చిప్పు మొదట చేతులెత్తేసేది బేస్ దగ్గర. బేస్ కోసం పవరంతా అయిపోయి గొంతు కూడా చీరుకుపోతుంది. బేస్‌ని సబ్‌ఊఫర్‌కి మళ్లించి, డోర్ స్పీకర్లకి 80 హెర్ట్జ్ పైన మాత్రమే పంపితే అవే స్పీకర్లు కొత్తవాటిలా పలుకుతాయి. ఈ పంపకం చేసే ఫిల్టర్లు యాంప్‌లో ఉన్నాయి. అందుకే యాంప్ కొనడానికి కారణం పెద్ద మోత అని నేను అనను. పెద్ద సౌండులో కూడా చెదరని పాట కోసం కొనాలి.

"తక్కువ వాట్ల యాంప్ పెడితే స్పీకర్లు కాలిపోతాయి" అన్న మాట కూడా వినబడుతుంటుంది. స్పీకరుని కాల్చేది దాని లోపలి తీగచుట్టలో, అంటే వాయిస్ కాయిల్లో పేరుకునే వేడి. 20 వాట్ల యాంప్‌ని ఎంత గరగరలాడించినా బయటికొచ్చేది 40 వాట్ల దరిదాపుల్లోనే. 60 వాట్లు ఓర్చుకునే ఊఫర్‌కి దానివల్ల ఏమీ కాదు, పై స్వరాలు పలికే సన్నటి ట్వీటర్‌కి మాత్రం ప్రమాదమే.

నాలుగు ఛానెళ్లే ఎందుకు

మొదటి రెండు ఛానెళ్లు ముందు డోర్లకి. మిగతా రెంటినీ బ్రిడ్జి చేసి, అంటే రెండూ కలిసి ఒకే స్పీకరుని నడిపేలా కలిపి, ఒక సబ్‌ఊఫర్‌కి. వెనక డోర్ స్పీకర్లు స్టీరియోతోనే నడవనివ్వండి, వెనక కూర్చున్నవాళ్లకి అది చాలు. 60 × 4 యాంప్ బ్రిడ్జి చేస్తే 4 ఓంల దగ్గర 150 వాట్ల పైచిలుకు ఇస్తుంది. కారు లాంటి చిన్న గదిలో సీలు చేసిన పెట్టెలో పెట్టిన 10 అంగుళాల సబ్‌కి ఇది సరిపోతుంది. రేపు సబ్‌కి వేరే యాంప్ కొన్నా ఇది వృథా కాదు, వెనక స్పీకర్లని కూడా దీనికే కలపొచ్చు.

ఎక్కువ యాంప్‌లు పోయేది ఈ బ్రిడ్జి దగ్గరే. బ్రిడ్జి చేసినప్పుడు స్పీకర్ ఓంలలో సగమే ఒక్కో ఛానెల్‌కి కనిపిస్తుంది. 4 ఓంల సబ్ పెడితే ఒక్కో ఛానెల్ 2 ఓంలు మోస్తుంది. ఈ తరగతి యాంప్‌ల శక్తి అక్కడితో సరి. షాపులో ఎక్కువగా దొరికేవి రెండు కాయిళ్ల సబ్‌లు. 4+4 కాయిళ్లని పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపితే 2 ఓంలు అవుతుంది, దాన్ని బ్రిడ్జికి తగిలిస్తే ఒక్కో ఛానెల్ మీద 1 ఓం పడుతుంది. రెండు పాటలు బాగా మోగి, ఆ తర్వాత యాంప్ తనని కాపాడుకోవడానికి ఆగిపోయి ఎర్ర ప్రొటెక్ట్ లైటు వెలుగుతుంది. ఆ కాయిళ్లనే వరసగా (సిరీస్‌లో) కలిపితే 8 ఓంలు, పవర్ సుమారు సగానికి పడిపోతుంది. కాబట్టి ఈ ఏర్పాటుకి అడగాల్సింది ఒకే కాయిలు 4 ఓంల సబ్, లేదా 2+2 కాయిళ్ల సబ్‌ని వరసగా కలిపి 4 చేసుకోవడం. షాపువాడి మాట మీద ఆధారపడకుండా మల్టీమీటర్ పెట్టి చూడండి. 4 ఓంల స్పీకర్ మీటర్లో 3.2 నుంచి 3.8 మధ్య చూపిస్తుంది.

మోనోబ్లాక్ వైపు మొగ్గేవాళ్ల వాదన సామర్థ్యం: క్లాస్ డీ, తక్కువ వేడి, ఎక్కువ బేస్. అన్నీ నిజమే. కానీ 500 వాట్లు నిజంగా ఇచ్చే మోనోబ్లాక్ పూర్తి పవర్ దగ్గర 45 ఆంపియర్లు లాగుతుంది. చిన్న పెట్రోల్ కార్లలో సాధారణంగా ఉండేది 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ, ఆల్టర్నేటర్ కూడా చిన్నదే. సిగ్నల్ దగ్గర ఇంజను ఐడిల్లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ తన పూర్తి కరెంటు ఇవ్వలేదు. ఏసీ, రేడియేటర్ ఫ్యాన్, హెడ్‌లైట్లు కలిసి ఉన్నదంతా తీసుకుంటాయి. బేస్ పడ్డప్పుడల్లా లైట్లు మినుకుమనడం అప్పుడే మొదలవుతుంది. పైగా ముందు స్పీకర్లు ఇంకా స్టీరియో చిప్పు మీదే ఉంటాయి కాబట్టి డిక్కీలో దడదడ తప్ప గొంతు వినబడదు. మన పాటల్లో ప్రాణమంతా గొంతులోనే ఉంటుంది. దాన్ని బేస్ కింద పూడ్చేసే ఏర్పాటుకి డబ్బు పెట్టడం నాకు బాధగా ఉంటుంది.

వైరు దగ్గర పొదుపు చేస్తే

60 × 4 క్లాస్ ఏబీ యాంప్ పూర్తి పవర్ దగ్గర సుమారు 28 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్ల వైరు పడుతుంది. అసలైన రాగి 8 గేజి (ఈ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది) వైరులో ఆ దూరానికి 0.3 వోల్టు పోతుంది. అదే మందంలో రాగిపూత వేసిన అల్యూమినియం అయితే దాదాపు అర వోల్టు. చవక కిట్లలో పైన ప్లాస్టిక్ లావుగా, లోపల తీగ 10 గేజి అంత కూడా లేకుండా ఉంటుంది. దాంట్లో 0.8 వోల్టు పోతుంది. ఇది సౌండు సమస్య అనుకుంటారు. వోల్టేజీ 14.4 నుంచి 12.5కి పడిపోయినా తగ్గేది ఒక డెసిబెల్ పైచిలుకే, చెవికి సరిగా తెలియదు కూడా. అసలు ప్రమాదం, ఆ పోయిన వోల్టేజీ వైరులో వేడిగా మారడం. స్క్రూ కింద నలిగిన అల్యూమినియం పోగులు కాలక్రమేణా వదులై, ఆక్సైడ్ పట్టి, ఆ అతుకు దగ్గర కాలడం.

కనిపెట్టడం తేలిక. కిట్ విప్పి వైరు చివర ఒక్క పోగు తీసి బ్లేడుతో గీకండి. రాగి అయితే లోపల కూడా ఎర్రగానే ఉంటుంది, అల్యూమినియం అయితే తెల్లగా మెరుస్తుంది.

మంచి రాగి కిట్ మీ ఊళ్లో దొరక్కపోతే నేను ధైర్యంగా చెప్పే మాట: ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లి 10 చదరపు మిల్లీమీటర్ల మల్టీస్ట్రాండ్ రాగి వైరు, ఐఎస్ఐ ముద్ర ఉన్నది, మీటరు లెక్కన కొనండి. 8 గేజి అంటే 8.4 చదరపు మిల్లీమీటర్లు, ఇది అంతకన్నా ఒక పిసరు లావు. దీని పీవీసీ తొడుగు మామూలుగా 70 డిగ్రీల వేడికి తయారైనది కాబట్టి ఇంజను గదిలో ఉన్న భాగానికి ముడతల గొట్టం తొడిగి, ఇంజనుకీ ఎగ్జాస్ట్‌కీ దూరంగా నడిపించాలి. చివర్లకి అదే సైజు లగ్గులు (వైరు కొసకి తొడిగే లోహపు ముక్కలు) నొక్కి బిగించి క్రింప్ చేయించుకోవాలి. కేబిన్లోకి వెళ్లే కంత దగ్గర రబ్బరు గ్రోమెట్ లేకుండా వైరు దూర్చారంటే, రేకు అంచు రోజూ కొంచెం కొంచెం కోస్తూనే ఉంటుంది.

అందుకే ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. యాంప్ మీద ఉన్న ఫ్యూజు యాంప్‌కి. బ్యాటరీ దగ్గరిది వైరుకి. మధ్యలో ఎక్కడైనా తొడుగు తెగి బాడీకి తగిలితే యాంప్ ఫ్యూజుకి ఆ సంగతే తెలియదు, బ్యాటరీ మాత్రం వందల ఆంపియర్లు పోస్తుంది. 8 గేజి రాగి వైరుకి 40 ఆంపియర్ల ఫ్యూజు, మహా అయితే 50. "తరచూ కాలిపోతోంది" అని 80 వేసే ఫిట్టర్‌ని ఆ కారు ముట్టుకోనివ్వకండి.

గ్రౌండ్‌కి కూడా అంతే మందం వైరు, 45 సెంటీమీటర్ల లోపు. డిక్కీలో ఎక్కడో కార్పెట్ స్క్రూ కింద దూర్చితే కుదరదు. బాడీ రేకు మీద గట్టి బోల్టు చూసుకుని, చుట్టూ పెయింటు గరుకు కాగితంతో మెరిసే లోహం కనిపించేదాకా గీకి, స్టార్ వాషర్ వేసి బిగించి, పైన తుప్పు పట్టకుండా కాస్త గ్రీజు రాయాలి. ఐడిల్ స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద కరెంటు సెన్సర్ ఉంటుంది. ఆ కార్లలో గ్రౌండ్‌ని నేరుగా ఆ టెర్మినల్‌కి ఇవ్వకూడదు, బాడీకే ఇవ్వాలి. పని పూర్తయ్యాక ఇంజను నడుస్తుండగా, పాట గట్టిగా మోగుతుండగా, మల్టీమీటర్ ఒక కాలు బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది యాంప్ పాజిటివ్ మీద పెట్టండి. అర వోల్టు దాటితే వైరులోనో, ఫ్యూజు హోల్డర్‌లోనో, లగ్గులోనో లోపం ఉంది. నెగటివ్ వైపు కూడా ఇలాగే చూడాలి.

కంపెనీ స్టీరియో ఉన్నవాళ్లకి

ఇప్పటి కార్లలో స్టీరియో మార్చడం కష్టం, కెమెరా, స్టీరింగ్ బటన్లు, వారంటీ అన్నీ దానితో ముడిపడి ఉంటాయి. వాటిలో చాలావాటికి వెనక యాంప్‌కి సిగ్నల్ పంపే ఆర్‌సీఏ సాకెట్లు ఉండవు. కాబట్టి యాంప్ కొనేటప్పుడు స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే స్పీకర్-లెవెల్ ఇన్‌పుట్ ఉందా, సిగ్నల్ చూసి తనంతట తాను ఆన్ అవుతుందా అని అడగండి. ఈ రెండూ ఉంటే స్పీకర్ సిగ్నల్‌ని ఆర్‌సీఏకి మార్చే కన్వర్టర్ డబ్బా ఖర్చు, యాంప్‌ని ఆన్ చేసే రిమోట్ వైరు కోసం వెతుకులాట రెండూ తప్పుతాయి.

కొందరు ఫిట్టర్లు స్పీకర్ వైర్లకి ఆర్‌సీఏ ముక్క నేరుగా అతికించేస్తారు. స్టీరియో చిప్పు స్పీకర్ రెండు వైర్లనీ నడిపిస్తుంది, రెంటి మీదా 6–7 వోల్టుల డీసీ ఉంటుంది. ఆర్‌సీఏ బయటి తొడుగు బాడీకి తగిలితే నెగటివ్ అనుకున్న వైరు షార్ట్ అవుతుంది. చిప్పుకి రక్షణ ఉంటే బతుకుతుంది, లేకపోతే స్టీరియో మూగబోతుంది. వైర్లు కోయకుండా ఆ కారుకి సరిపోయే కప్లర్ కొనమని గట్టిగా అడగండి. కోసిన వైరు చూపించి వారంటీ కాదంటే మనం చెప్పగలిగేది ఏమీ ఉండదు.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు

మంచి యాంప్ కొని, మంచి వైరు వేసి, చివర్లో స్క్రూడ్రైవర్‌తో గెయిన్‌ని, అంటే స్టీరియో సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే నాబ్‌ని, పూర్తిగా తిప్పేసి ఇచ్చేస్తారు. అక్కడితో ఖర్చంతా మట్టిలో కలిసినట్టే. పద్ధతి ఇది: స్పీకర్ వైర్లు యాంప్ నుంచి విప్పేయండి. స్టీరియోలో బేస్, ట్రెబుల్, లౌడ్‌నెస్ అన్నీ సున్నా. యాంప్ మీద బేస్ బూస్ట్ సున్నా, ఫిల్టర్లు ఆఫ్, గెయిన్ పూర్తిగా కిందికి. స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు, అంటే 40లో 30 దగ్గర పెట్టి 60 హెర్ట్జ్, 0 డెసిబెల్ టోన్ వేయండి. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి స్పీకర్ టెర్మినళ్ల మీద చూస్తూ గెయిన్ పెంచండి. ఎంతదాకా అంటే, వాట్లని ఓంలతో గుణించి వర్గమూలం తీయాలి. 60 వాట్లు, 4 ఓంలు అయితే 15.5 వోల్టులు. బ్రిడ్జి చేసిన 150 వాట్లకి 24.5. అక్కడ ఆపేయాలి.

చాలాచోట్ల 1000 హెర్ట్జ్ టోన్ వాడమంటారు. చవక మల్టీమీటర్లు ఏసీని 400 హెర్ట్జ్ దాకానే సరిగ్గా కొలుస్తాయి, ఆ పైన తప్పు చూపించొచ్చు, అందుకే 60 అన్నాను. దీనికీ ఒక చిక్కుంది. కొన్ని కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్‌ని వాటంతటవే తగ్గిస్తాయి. వాటిలో 60 హెర్ట్జ్‌తో పెట్టిన గెయిన్ గొంతుల దగ్గర ఎక్కువైపోతుంది. 60 తోనూ 300 తోనూ కొలిచి, వోల్టేజీ ఎక్కువ చూపించిన టోన్‌తో గెయిన్ పెట్టడం మేలు. మల్టీమీటర్ గరగరని పట్టుకోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. యాంప్ అంకె అబద్ధమైతే 15.5 వోల్టులకు ముందే డిస్టార్షన్ వచ్చేస్తుంది.

తర్వాత స్పీకర్లు కలిపి, ముందు ఛానెళ్లకి హై-పాస్ ఫిల్టర్ (పై స్వరాలే పంపేది) 80 హెర్ట్జ్, సబ్‌కి లో-పాస్ (కింది స్వరాలే పంపేది) 80. సబ్ పెట్టెకి గాలి గొట్టం ఉంటే, మరీ కింది స్వరాలని ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ 25–30 దగ్గర. బేస్ బూస్ట్ బటన్‌ని మాత్రం అలాగే వదిలేయండి. 12 డెసిబెల్స్ బూస్ట్ అంటే ఆ స్వరం దగ్గర పదహారు రెట్ల పవర్ అడగడం. 150 వాట్ల ఛానెల్ దగ్గర అంత లేదు.

ఎక్కడ బిగించాలి

మే నెలలో ఎండలో పెట్టిన కారు లోపల యాంప్ పాట మొదలవక ముందే వేడెక్కి ఉంటుంది. దాన్ని తలకిందులుగా పార్సిల్ ట్రే కింద బిగిస్తే వేడి దానికిందే చిక్కుకుంటుంది. కార్పెట్ కప్పినా అంతే. సబ్ పెట్టె మీద బిగించడం చూడ్డానికి బాగుంటుంది కానీ ఆ అదురుకి టంకాలు వదులవుతాయి. సీటు కింద పెడితే ఏసీ గాలి తగులుతుంది, వానాకాలం తడి చెప్పుల నీళ్లు కూడా తగులుతాయి. అందుకే అక్కడ నేల నుంచి ఒక అంగుళం ఎత్తున పలక మీద పెట్టాలి. అరగంట మోగి ఆగిపోయి, కాసేపయ్యాక మళ్లీ మోగితే వేడి వల్ల రక్షణ పనిచేస్తోందని అర్థం. యాంప్‌ని తిట్టే ముందు ఓంలు, గాలి రెండూ చూడండి.

యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే కూత వినబడితే, యాంప్ దగ్గర ఆర్‌సీఏ వైర్లు పీకి చూడండి. కూత ఆగితే లోపం స్టీరియో వైపు లేదా ఆర్‌సీఏ దారిలో ఉంది. ఆగకపోతే యాంప్ గ్రౌండ్‌ని మళ్లీ గీకి బిగించండి. పవర్ వైరు కారుకి ఒక పక్క నుంచి, ఆర్‌సీఏ ఇంకో పక్క నుంచి రావాలి. కూతని ఆపడానికి ఆర్‌సీఏ దారిలో పెట్టే ఐసోలేటర్ డబ్బా చిట్టచివరి మార్గం, చవకవి బేస్‌ని కోసేస్తాయి.

చేతిలో ఎనిమిది వేలే ఉంటే

పేరున్న నాలుగు ఛానెళ్ల యాంప్ కొత్తది ఎనిమిది నుంచి పన్నెండు వేల మధ్య పలుకుతుంది, రాగి వైరింగ్‌కి ఇంకో మూడు వేలు. అంత లేనివాళ్లు మూడు వేల "4000 వాట్ల" పెట్టె వైపు చూస్తారు. వాళ్లకి నేను చెప్పేది పాత యాంప్. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లా, కోఠి గుజరాతీ గల్లీ చుట్టుపక్కలా అడిగితే మంచి కంపెనీల పాత క్లాస్ ఏబీ యాంప్‌లు దొరికే అవకాశం ఉంది. కొనే ముందు 12 వోల్టుల బ్యాటరీ అడిగి, పాజిటివ్ వైరు మధ్యలో 21 వాట్ల ఇండికేటర్ బల్బు వరసగా కలిపి యాంప్‌కి కరెంటు ఇవ్వండి. రిమోట్ ఇవ్వకముందే బల్బు నిండుగా వెలిగిందంటే లోపల మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు షార్ట్ అయ్యాయి, వద్దు. రిమోట్ ఇచ్చాక ఒక్కసారి వెలిగి మసకబారితే పవర్ సప్లై బాగుందని అర్థం. ఆ తర్వాత బల్బు తీసేసి, సరైన ఫ్యూజుతో, ప్రతి ఛానెల్‌కీ ఒక స్పీకర్ పెట్టి విడివిడిగా వినాలి. గెయిన్ నాబ్ తిప్పినప్పుడు కరకరలాడితే దుమ్ము, అది కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. ఏ ఛానెల్ అయినా సన్నగా పలికినా, బోర్డు మీద ఎక్కడైనా గోధుమరంగు మచ్చ ఉన్నా బేరం ఆపేయండి.

పాతది వద్దనుకుంటే రెండు ఛానెళ్ల యాంప్ కొత్తది కొని ముందు డోర్లకి మాత్రమే ఇవ్వండి, వైరు మాత్రం నాలుగు ఛానెళ్లకి సరిపోయే మందంలో ఇప్పుడే లాగించండి. సబ్ వచ్చే ఏడాది కొన్నా డ్యాష్‌బోర్డు మళ్లీ విప్పే పని ఉండదు.